ఆశా వర్కర్ల ఆ 42 రోజుల పనికి జీతం కట్టండి: వైద్య ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ అధికారులకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల అధికారులకు నమస్కారం.

ఆశా వర్కర్ల గురించి మీకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం పారితోషికాల గురించే ఉంటాయని తెలుసు. ఈ ఉత్తరం కూడా చివరికి అక్కడికే వస్తుంది. కానీ ముందు పని గురించి మాట్లాడాలి. ఎంత ఇస్తున్నారు, ఎంత పెంచారు అన్న లెక్కల్లో పడిపోయి, ఆమె చేసే పాతిక రకాల పనుల్లో ప్రాణం నిలబెట్టే పని ఏదో అందరం మర్చిపోతున్నాం. కాన్పయ్యాక 42 రోజుల దాకా ఇంటికెళ్లి తల్లీబిడ్డల్ని చూసుకునే ఆ పనికి రోజురోజుకూ సమయం తగ్గిపోతోందన్న సంగతి కూడా ఎవరూ పట్టించుకోవడం లేదు.

నేను ఆశా వర్కర్‌ని కాను, వైద్యం చదివినదాన్నీ కాను. పల్లెలో ఉంటాను. మా వీధిలో పుట్టిన పిల్లల్లో చాలామందిని ఇంటికొచ్చి మొదట తూకం వేసింది మా ఆశా వర్కరే. ఆమె పనిని దగ్గర నుంచి చూసినదానిగా రాస్తున్నాను.

కాన్పులను ఆస్పత్రికి చేర్చడంలో మన రెండు రాష్ట్రాలు సాధించింది తక్కువేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయి. 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు దేశం మొత్తం మీద 97 మంది తల్లులు చనిపోతే, తెలంగాణలో 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది. ఈ అంకెల వెనక 108 ఉంది, 102 ఉంది, ఏఎన్ఎంలు ఉన్నారు, పీహెచ్‌సీ డాక్టర్లు ఉన్నారు. మూడో నెల రాకముందే గర్భిణి పేరు రాయించి, నెలనెలా పరీక్షలకు పంపి, ఐరన్ మాత్రలు మింగుతోందో లేదో కనుక్కుని, నొప్పులొచ్చిన రాత్రి బండి ఎక్కించి తనూ ఎక్కిన ఆశా వర్కర్ ఉంది. 2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో పాటు ఈ ఉద్యోగం కాని ఉద్యోగం పుట్టినప్పుడు, వెయ్యి మంది జనాభాకు ఒక ఆశా అనీ, ఆమె ఆ ఊళ్లోనే ఉండే మహిళ అయి ఉండాలనీ పెట్టారు. ఆ నిర్ణయం చాలా మంచిది. ఆ ఊరి మనిషే కాబట్టి తలుపు కొట్టగానే తీస్తారు.

అయితే కాన్పు ఆస్పత్రిలో జరిగినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. మామూలు కాన్పయితే రెండు రోజులకు, ఆపరేషన్ అయితే ఐదారు రోజులకు తల్లీబిడ్డలు ఇంటికొచ్చేస్తారు. పుట్టిన 28 రోజుల లోపు చనిపోయే శిశువుల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మంది మొదటి వారంలోనే చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మామూలు కాన్పయితే ఆ వారంలో ఎక్కువ భాగం ఇంట్లోనే గడుస్తుంది. అక్కడ డాక్టర్ లేడు, నర్సు లేదు. ఇరవై ఏళ్ల తల్లి, ఆమె అమ్మో అత్తగారో, సలహాలు చెప్పే నలుగురు చుట్టాలు ఉంటారు. బిడ్డ రొమ్ము పట్టడం మానేసి నిద్రపోతుంటే "బుద్ధిమంతుడు, ఏడవడం లేదు" అని మురిసిపోయే ఇళ్లు నాకు తెలుసు. పాలు తాగకుండా మత్తుగా పడుకోవడం ప్రమాదానికి మొదటి గుర్తు అని వాళ్లకు చెప్పేవాళ్లెవరు?

ఆ చెప్పే మనిషిని మీరే తయారు చేశారు. 2011లో నవజాత శిశువుల గృహ సంరక్షణ కార్యక్రమం తెచ్చారు. ఆస్పత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో, ఇంట్లో కాన్పయితే వీటితో పాటు మొదటి రోజున కూడా ఆశా వర్కర్ ఆ ఇంటికి వెళ్లాలి. 2018లో దీన్ని పొడిగించి 3, 6, 9, 12, 15 నెలల్లో కూడా వెళ్లమన్నారు. కాగితం మీద ఇంత చక్కటి ఏర్పాటు ప్రపంచంలో చాలా దేశాలకు లేదు. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా మీకు తెలుసు. మనకు పక్కనే, ప్రాణహిత అవతల, మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ నడిపిన సెర్చ్ సంస్థ 1990ల్లో 39 ఊళ్లలో ఈ ప్రయోగం చేసింది. కొద్దిపాటి చదువున్న ఊరి ఆడవాళ్లకే పసికందుల సంరక్షణ నేర్పింది. ఫలితాలు 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఆ ఏర్పాటు లేని ఊళ్లతో పోల్చితే అక్కడ నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. ఆస్పత్రి కట్టలేదు, యంత్రాలు తేలేదు. తెలిసిన మనిషి, సరైన రోజున, సరైన ఇంటికి వెళ్లింది.

ఆ ఇంట్లో ఆమె ఏం చేస్తుందో కాస్త వివరంగా రాస్తాను. ఫారంలో పెట్టే టిక్కుల్ని బట్టి అది అర్థం కాదు.

చేతులు సబ్బుతో కడుక్కుంటుంది, ఇంట్లోవాళ్ల చేత కడిగిస్తుంది. బిడ్డను ఉయ్యాల లాంటి సంచిలో వేసి తూకం చూస్తుంది. రెండున్నర కిలోల కంటే తక్కువుంటే ఆ ఇంటికి మళ్లీ మళ్లీ రావాలని అప్పుడే అనుకుంటుంది. థర్మామీటర్ పెడుతుంది. అరికాళ్లు చల్లగా ఉన్నాయేమో తాకి చూస్తుంది. చల్లగా ఉంటే తల్లి గుండెల మీద బిడ్డను ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి, మీద దుప్పటి కప్పిస్తుంది. నిమిషం పాటు కదలకుండా కూర్చుని ఊపిరి లెక్కపెడుతుంది. అరవై దాటితే మళ్లీ లెక్కపెడుతుంది. బొడ్డు దగ్గర చీము ఉందా, కళ్లు అతుక్కుంటున్నాయా, పసుపు రంగు అరచేతుల దాకా దిగిందా అని చూస్తుంది. పాలు పట్టించి చూస్తుంది. బిడ్డ నోరు పూర్తిగా తెరిచి పడుతోందా, చివర మాత్రమే పట్టుకుని లాగుతోందా అన్నది పక్కన కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. ఫోన్‌లో అడిగితే ఎవరైనా "తాగుతున్నాడమ్మా" అనే అంటారు.

తర్వాత తల్లిని అడుగుతుంది. రక్తం ఎంత పోతోంది, గుడ్డలు ఎన్ని మారుస్తున్నావు, జ్వరం ఉందా, వాసన వస్తోందా, కుట్లు ఎలా ఉన్నాయి, తల తిరుగుతోందా, ఏడుపు వస్తోందా. ఈ చివరి ప్రశ్న ఫారంలో ఉన్నా లేకపోయినా మంచి ఆశా వర్కర్ అడుగుతుంది. బాలింతకు మనసు బాగోలేకపోవడం కూడా జబ్బే అన్న సంగతి మన ఇళ్లలో ఇంకా చాలామందికి తెలియదు.

ఆ తర్వాతది అన్నిటికంటే కష్టమైన పని. పెద్దవాళ్లతో మాట్లాడటం. ముర్రుపాలు పిండి పారబోసే ఇళ్లు తగ్గాయి కానీ, తేనె నాకించే ఇళ్లు, పంచదార నీళ్లు పట్టే ఇళ్లు, పాలు చాలడం లేదని మూడో రోజునే డబ్బా పాలు కలిపే ఇళ్లు ఉన్నాయి. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వాలని, కారప్పొడి అన్నమే పెట్టాలని పట్టుబట్టే పెద్దవాళ్లున్నారు. వాళ్లకు కోడలి మీద కోపమేమీ లేదు, తమకు తెలిసింది చేస్తున్నారంతే. వాళ్లను నొప్పించకుండా, "పెద్దమ్మా, నీ పద్ధతి నువ్వు చెయ్యి, కానీ ఇదొక్కటి నా మాట విను" అని ఒప్పించాలి. దీనికి గంట పడుతుంది. ఒక్కోసారి రెండు గంటలు. ఏ యాప్‌లోనూ ఈ గంటను నమోదు చేసే గడి లేదు.

ఈ మొత్తానికి, ఆరు సందర్శనలకూ కలిపి, కేంద్రం పెట్టిన రేటు బిడ్డకు 250 రూపాయలు. సందర్శనకు 42 రూపాయలు కూడా పడదు. ఆ తర్వాత 15 నెలల వరకు చేసే ఐదు సందర్శనలకు ఒక్కోదానికి 50 రూపాయలు. రాష్ట్రాలు పైన తమ డబ్బు కలుపుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి నెలకు 10,000 రూపాయలు ఇస్తున్నారు. తెలంగాణ కూడా తన వాటా ఇస్తోంది, 18,000 ఇవ్వాలని అక్కడి ఆశాలు అడుగుతున్నారు. అయినా కేంద్రం లెక్క మాత్రం ఇప్పటికీ "పనికింత" అనే పద్ధతిలోనే ఉంది. ఆ పద్ధతిలోనే అసలు చిక్కు ఉంది.

2011 మార్గదర్శకాల్లో ఆ 250 రూపాయలు ఎప్పుడు ఇవ్వాలో రాశారు. బిడ్డ బరువు కార్డులో రాసి ఉండాలి. టీకాలు వేయించి ఉండాలి. జననం నమోదై ఉండాలి. అంతవరకు న్యాయమే. నాలుగో షరతు ఏమిటంటే, 42 రోజుల వరకు తల్లీబిడ్డా ఇద్దరూ క్షేమంగా ఉండాలి. ఈ వాక్యాన్ని ఒకసారి నెమ్మదిగా చదవమని అడుగుతున్నాను. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఇంటికి మూడో రోజున వెళ్లి, ఒళ్లు చల్లబడుతోందని గుర్తించి, ఇంట్లోవాళ్లను ఒప్పించి, బండి మాట్లాడి, జిల్లా ఆస్పత్రి దాకా తీసుకెళ్లి, తెల్లవార్లూ వరండాలో కూర్చున్న ఆశా వర్కర్ ఉందనుకోండి. ఐదో రోజున బిడ్డ దక్కకపోతే, ఆమె చేయాల్సిందంతా చేసినట్టు కాగితం ఒప్పుకోదు. గుండె ఆపరేషన్ చేసిన సర్జన్‌కు రోగి బతికితేనే ఆ నెల జీతం అని ఎవరైనా అంటారా? నియమం రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే అయి ఉండొచ్చు. కానీ ఎక్కువ ప్రమాదం ఉన్న ఇంటికి, అంటే ఎక్కువసార్లు వెళ్లాల్సిన ఇంటికే, డబ్బు వస్తుందో రాదో తెలియకుండా వెళ్లమని ఈ షరతు ఆమెకు చెబుతోంది. మరణం జరిగితే ఉన్నది ఉన్నట్టు రాయడానికి భయపడే పరిస్థితి కూడా తెస్తోంది. ఈ షరతు ఇవాళ ఏ రూపంలో, ఏ రాష్ట్ర ఉత్తర్వులో మిగిలి ఉన్నా దాన్ని తీసేయండి. దీనికి బడ్జెట్ కూడా పెద్దగా అక్కర్లేదు.

పనికింత అనే లెక్క ఎంత తప్పుదారి పట్టిస్తుందో చెప్పడానికి మన దగ్గర ఇంకో ఉదాహరణ ఉంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. ఆమె పేరు రాసి, రక్తం తక్కువుందని కనిపెట్టి, నెలల తరబడి వెంటపడింది అత్తగారి ఊరి ఆశా వర్కర్. కాన్పు అయ్యేది వేరే మండలంలో, ఒక్కోసారి వేరే జిల్లాలో. బిడ్డ పుట్టాక మూడో నెలకో ఐదో నెలకో తిరిగొస్తుంది. ఆ 42 రోజులు ఎవరి లెక్కలో ఉన్నాయి? పుట్టింటి ఊరి ఆశాకు ఈ అమ్మాయి తన జాబితాలో లేదు. వచ్చిందని ఎవరైనా చెబితే తెలుస్తుంది, లేకపోతే లేదు. అమ్మాయి వెంట ఉన్న ఎంసీపీ కార్డు, అంటే తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే కార్డు, పోతే గర్భం నాటి ప్రమాదాల వివరాలన్నీ దాంతోనే పోతాయి. హైరిస్క్ అని ఎర్ర స్టిక్కర్ వేసిన ఆమె కూడా ఈ రెండు ఊళ్ల మధ్య ఎవరికీ పట్టని మనిషి అవుతుంది. మంచి ఆశాలు ఒకరికొకరు ఫోన్ చేసుకుని ఈ ఖాళీని పూడుస్తున్నారు. ఆ ఫోన్ ఖర్చు వాళ్లదే, ఆ ఆలోచనా వాళ్లదే. ఇన్ని యాప్‌లు తయారు చేసిన శాఖకు, ఎనిమిదో నెలలో "అమ్మాయి ఎక్కడికి వెళ్తోంది?" అని ఒక ప్రశ్న అడిగి, ఆ ఊరి ఆశాకు కబురు పంపే ఏర్పాటు చేయడం కష్టం కాదు. ఇటుక బట్టీలకు, పత్తి తీతకు వలస వెళ్లే కుటుంబాలకు ఇది ఇంకా అవసరం. పాలమూరు నుంచో, కర్నూలు పశ్చిమ ప్రాంతం నుంచో వెళ్లిన గర్భిణి బట్టీ దగ్గర గుడిసెలో ఉంటే, ఆమె ఏ ఊరి జనాభాలోకీ రాదు.

ఇప్పుడు సమయం సంగతి. 2005లో ఈ పని రోజుకు రెండు మూడు గంటలు ఉంటుందన్నారు, ఆమె సొంత జీవనోపాధికి అడ్డు రాదన్నారు. అందుకే జీతం లేదు, ఆమె స్వచ్ఛంద కార్యకర్త అన్నారు. ఇరవై ఏళ్లు గడిచాయి. ఆ తర్వాత చేరిన పనుల్ని లెక్కపెట్టండి. బీపీ, షుగర్ సర్వే. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మనిషికీ ఒక ఫారం. జ్వరాల సర్వే. కుష్ఠు సర్వే. క్షయ అనుమానితుల కళ్లె నమూనాలు. ఆరోగ్య ఐడీలు తయారు చేయడం. వీటిలో చాలా పనులు అవసరమైనవే, వద్దనడం లేదు. కానీ ఇవన్నీ ఒక్క మనిషి నెత్తిన పడ్డాయి, వీటికి గడువులుంటాయి, సాయంత్రానికి అంకె పంపాలి. పంపకపోతే వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి అడుగుతారు. ఆ టెన్షన్‌లో ఏడో రోజు బాలింత దగ్గర గంట కూర్చునే ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? గుమ్మం దగ్గరే నిలబడి "బాగున్నారా, బరువెంత?" అని అడిగి వెళ్లిపోవాల్సి వస్తుంది. ఫారంలో ఆ రోజు గడి నిండుతుంది. మీ దగ్గర సందర్శన జరిగినట్టే ఉంటుంది.

ఒకే సమాచారాన్ని రిజిస్టర్‌లో, యాప్‌లో, మళ్లీ గ్రూపులో మూడుసార్లు ఇవ్వమనడం మానండి. కొత్త సర్వే ఏదైనా పెట్టే ముందు, ఆ నెలలో ఆమె దగ్గర ఎంతమంది బాలింతలు ఉన్నారో చూడండి. రోజులు దగ్గరపడ్డ సందర్శనలు ఉంటే ఆ రోజు ఆమెకు ఇంకో పని పడకూడదు అన్న నియమం రాయండి. జిల్లా స్థాయిలో దీన్ని కచ్చితంగా అమలు చేయొచ్చు.

ఆమె గుర్తించిన ప్రమాదాన్ని ఆస్పత్రి ఎలా తీసుకుంటుందన్నది ఇంకో పెద్ద విషయం. రాత్రి పూట, పాలు పట్టని బిడ్డతో వస్తే, "నువ్వెవరు? డాక్టర్‌వా? పొద్దున తీసుకురా" అనే మాట చాలామంది ఆశాలు విన్నదే. అలా అనని డాక్టర్లు, నర్సులు చాలామంది ఉన్నారు, వాళ్ల దగ్గర పనిచేసే ఆశాల ఉత్సాహమే వేరుగా ఉంటుంది. కానీ ఇది మనుషుల మంచితనం మీద ఆధారపడకూడదు. ఆశా రాసిచ్చిన రెఫరల్ చీటీ మీద వచ్చిన సమయం, చూసిన సమయం, చూసినవాళ్ల సంతకం ఉండాలి. బిడ్డను వెనక్కి పంపితే ఎందుకు పంపారో రాయాలి. ఒక ఊరి మనిషి నమ్మి బిడ్డను తెచ్చాక ఆస్పత్రి పట్టించుకోకపోతే, మళ్లీ ఆ వీధిలో ఆమె మాట ఎవరూ వినరు. పదేళ్లు కష్టపడి సంపాదించుకున్న నమ్మకం ఒక్క రాత్రిలో పోతుంది.

తిరుగు దారి కూడా కావాలి. నవజాత శిశు ప్రత్యేక చికిత్స కేంద్రంలో పదిహేను రోజులు ఉండి, బరువు తక్కువగానే ఇంటికొచ్చిన బిడ్డ అందరిలోకీ బలహీనమైనది. ఆ బిడ్డ ఇంటికొచ్చిందన్న కబురు ఆశా వర్కర్‌కు అదే రోజు అందాలి. డిశ్చార్జ్ కాగితంలో ఏ మందు, ఎన్ని రోజులు, మళ్లీ ఎప్పుడు రావాలి అన్నది తెలుగులో రాసి ఉండాలి. ఇంగ్లీషులో గిలికిన కాగితం పట్టుకుని తల్లి ఆశా దగ్గరికి, ఆశా మెడికల్ షాపుకు పరిగెత్తే పరిస్థితి ఇప్పటికీ ఉంది. ఆపరేషన్ కాన్పులు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ఉన్నాయని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే సగానికి దగ్గరగా తల్లులు కుట్లతో ఇంటికొస్తున్నారు. పాలు ఆలస్యంగా పడుతున్నాయి, బిడ్డను ఎత్తుకోవడానికే కష్టంగా ఉంటోంది. పాతికేళ్ల కింద ఆలోచించిన ఇంటి సందర్శనకు, ఇప్పటి బాలింతకు చాలా తేడా ఉంది. ఆశాలకు కుట్ల సంరక్షణ మీద, పడుకుని పాలివ్వడం ఎలా అన్నదాని మీద కొత్తగా శిక్షణ కావాలి. గతంలో 6, 7 మాడ్యూళ్ల (శిక్షణ పాఠాల) పేరుతో నాలుగు విడతల్లో 20 రోజులు చక్కగా నేర్పించారు. ఇప్పుడు శిక్షణ అంటే చాలాసార్లు కొత్త యాప్ ఎలా నొక్కాలో చెప్పే మీటింగ్‌గా మిగిలిపోతోంది.

అడవి ప్రాంతాల గురించి రాయకుండా ఉండలేను. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ఆసిఫాబాద్, ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో గుట్టల మీది గూడేలకు ఇప్పటికీ బండి వెళ్లని దారులున్నాయి. గర్భిణులను డోలీలో మోసుకొచ్చే ఫొటోలు ప్రతి వానాకాలం పేపర్లో వస్తాయి. కాన్పు తేదీకి ముందే వచ్చి ఉండటానికి వసతి గృహాలు పెట్టారు, మంచి పని. కానీ ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలున్న తల్లి, పొలం పనులున్న తల్లి, వారాల తరబడి అక్కడ ఉండటానికి ఎలా వస్తుంది? ఆమెను ఒప్పించేది, పిల్లల్ని ఎవరో ఒకరికి అప్పజెప్పేది గోండిలోనో కోయలోనో కువిలోనో మాట్లాడగలిగిన ఆ గూడెం ఆశా వర్కరే. సిగ్నల్ లేని ఊళ్లో ఉన్న ఆమెను కూడా మీరు రోజువారీ అప్‌లోడ్ అడుగుతున్నారు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే మనిషికి ఆ పూట వేరే పనేదీ జరగదు. ఇలాంటి చోట్ల కాగితం రిజిస్టర్ చాలని, వారానికోసారి ఏఎన్ఎం వచ్చినప్పుడు ఎక్కించుకోవాలని ఉత్తర్వు ఇవ్వండి. వెయ్యి మందికి ఒకరు అన్న లెక్క అక్కడ పనికిరాదని మీ మార్గదర్శకాలే ఒప్పుకున్నాయి, గూడేనికొకరు అన్నారు. ఆ గూడెంలో కాన్పులు ఏడాదికి మూడో నాలుగో ఉంటాయి. పనికింత అనే లెక్కలో ఆమెకు వచ్చేదెంత? ఎక్కువ దూరం నడిచే మనిషికి తక్కువ డబ్బు వచ్చే పద్ధతి ఇది.

అందుకే జీతం మాట. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాల్లాంటి సముదాయ ఆరోగ్య కార్యకర్తల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. చేసే పనికి, దాని సంక్లిష్టతకు, గంటలకు తగ్గ వేతనం ఇవ్వాలని, కేవలం పనితీరు ప్రోత్సాహకాల మీదే లేదా ఎక్కువగా వాటి మీదే ఆధారపడేలా చెల్లించొద్దని అందులో స్పష్టంగా ఉంది. అదే సంస్థ 2022 మేలో మన పది లక్షల మందికి పైగా ఆశాలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. మనం అవార్డును గర్వంగా తీసుకున్నాం, మార్గదర్శకాన్ని పక్కన పెట్టాం. అంతకు ముందే, 2013లో, 45వ భారత కార్మిక సదస్సు పథకాల్లో పనిచేసే వాళ్లందరినీ కార్మికులుగా గుర్తించి కనీస వేతనం, సామాజిక భద్రత ఇవ్వాలని సిఫార్సు చేసింది. అందులో ప్రభుత్వమూ భాగస్వామే. 2022 ఏప్రిల్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. గౌరవ వేతనం అని పేరు పెట్టినంత మాత్రాన అది వేతనం కాకుండా పోదన్న వాదన ఆ తీర్పుతో బలపడింది. ఆశాల విషయంలో అదే న్యాయం ఎందుకు వర్తించకూడదో ఇంతవరకు ఎవరూ నమ్మదగిన కారణం చెప్పలేదు.

కొన్ని అడుగులు పడ్డాయి, కాదనను. ప్రతి నెలా ఇచ్చే స్థిర ప్రోత్సాహకాన్ని కేంద్రం 2018లో 1,000 నుంచి 2,000కు, 2025లో 3,500కు పెంచింది. 2024 మధ్యంతర బడ్జెట్‌లో ఆయుష్మాన్ భారత్‌లోకి ఆశాలను తీసుకొచ్చారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 మార్చిలో గ్రాట్యుటీ, మొదటి రెండు కాన్పులకు 180 రోజుల జీతంతో కూడిన ప్రసూతి సెలవు, 62 ఏళ్ల వరకు కొనసాగింపు ప్రకటించింది. ఊరందరి కాన్పులూ చూసుకునే మనిషికి తన కాన్పుకు సెలవు దొరకడానికి ఇరవై ఏళ్లు పట్టింది. అయినా దొరికింది, సంతోషం. తెలంగాణలో, మిగతా అన్ని రాష్ట్రాల్లో కూడా ఇదే సెలవు రావాలి. రాష్ట్రానికో రకంగా, ఎన్నికలకో రకంగా కాకుండా దేశమంతటికీ ఒక స్థిర వేతనం కావాలి. నెల మొదటి వారంలో పడాలి. పని పెరిగితే పైన ప్రోత్సాహకం ఉండొచ్చు, అదే అసలు జీతం కాకూడదు.

చిన్న చిన్న అవసరాల్ని కూడా ఇక్కడే చెబుతాను. తూకం యంత్రం, థర్మామీటర్ పాడైతే వారంలో కొత్తవి రావాలి. బ్యాటరీ కొనుక్కోవడం ఆమె బాధ్యత కాదు. కాన్పు కోసం రాత్రి తోడొచ్చిన ఆశా పడుకోవడానికి ప్రతి ఏరియా ఆస్పత్రిలో ఒక గది, ఒక మరుగుదొడ్డి ఉండాలి. ఆశాలకు విశ్రాంతి గదులు ఉండాలన్న ఆలోచన ఆరోగ్య మిషన్‌లో ఎప్పటి నుంచో ఉంది. గేటు దగ్గర సిమెంట్ బల్ల మీద కూర్చుని తెల్లవారేదాకా ఎదురుచూసే ఆడవాళ్లకు ఆ ఆలోచన ఇంకా చేరలేదు.

మీ నుంచి ప్రశంసా పత్రం అడగడం లేదు. ఈ లేఖలో రాసిన వాటిలో మూడింటిని ఆర్థిక శాఖ అనుమతి కోసం ఆగకుండా ఈ త్రైమాసికంలోనే చేయొచ్చు: తల్లీబిడ్డ బతికితేనే డబ్బు అన్న షరతును ఎత్తేయడం, పుట్టింటికి వెళ్లే గర్భిణి సమాచారాన్ని అక్కడి ఆశాకు పంపడం, రెఫరల్ చీటీకి జవాబుదారీ పెట్టడం. స్థిర వేతనం మీద నిర్ణయానికి సమయం పడుతుందంటే ఒప్పుకుంటాను, కానీ ఎంత సమయమో తేదీ చెప్పండి. ఆ నిర్ణయం తీసుకునే కమిటీలో పనిలో ఉన్న ఆశా వర్కర్లను కూర్చోబెట్టండి. సంఘాల నాయకులతో పాటు, గూడెంలో పనిచేసే ఒకరు, వలసల మండలంలో పనిచేసే ఒకరు ఉండాలి. రిజిస్టర్లో ఏ గడి తీసేయాలో, ఏ గడి కొత్తగా పెట్టాలో వాళ్లు అరగంటలో చెబుతారు. ఆ సమావేశానికి వచ్చిన రోజు కూలీ, బస్సు చార్జీలు వాళ్లకు అదే రోజు ఇచ్చి పంపండి.

ఇట్లు,
ఊళ్లో ఉంటూ ఈ పనిని చూస్తున్న ఒక పౌరురాలు